క్యాష్ తుడిచే ముందు ఒక్కసారి ఆగు తల్లీ

చిట్టితల్లీ,

మీ ఆఫీసులో లినక్స్ మెషీన్ల లాగిన్ వ్యవహారమంతా నీ చేతికిచ్చారని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ పనేమిటో వాడికి తెలియదు గానీ, గొంతులో సంతోషం మాత్రం దాగలేదు. నాకూ ఛాతీ ఉప్పొంగింది. ఆ తర్వాత నీ మెసేజ్ చూశాను. "డైరెక్టరీలో గ్రూపు మార్చినా కొన్ని మెషీన్లు పాతదే చూపిస్తున్నాయి పెదనాన్నా, శుక్రవారం సాయంత్రం అన్నిట్లోనూ క్యాష్ ఫైళ్లు డిలీట్ చేసేస్తా" అన్నావు. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు. డైరెక్టరీ అంటే అందరి యూజర్, గ్రూపు వివరాలు ఒకేచోట ఉండే సర్వర్. అక్కణ్నుంచి ఆ వివరాలు తెచ్చి ప్రతి మెషీన్లో దాచుకునే ప్రోగ్రామే ఎస్ఎస్ఎస్‌డి, ఆ దాచుకున్నదే క్యాష్. ఎస్ఎస్ఎస్‌డి ఒకసారి తెచ్చుకున్న యూజర్ వివరాన్ని, మనం ఏమీ మార్చకపోతే, 5400 సెకన్లు నమ్ముతుంది. అంటే గంటన్నర. అందులో సగం దాటాక ఎవరైనా అడిగితే చేతిలో ఉన్నది వెంటనే ఇచ్చేసి, వెనకాల సర్వర్‌ని అడిగి కొత్తది తెచ్చిపెట్టుకుంటుంది. అందుకే ఒక యూజర్ ఏయే గ్రూపుల్లో ఉన్నాడో చూపే ఐడి కమాండ్ మొదటిసారి పాత గ్రూపులు చూపించి, కాసేపాగి మళ్లీ కొడితే కొత్తవి చూపిస్తుంది. అది జబ్బు కాదు. "ఈ పేరుతో ఎవరూ లేరు" అన్న జవాబును కూడా 15 సెకన్లు గుర్తుంచుకుంటుంది. దీని పైన మెమరీలో ఇంకో క్యాష్ ఉంటుంది, దాని గడువు 300 సెకన్లు. ఇదే పని చేసే పాత ప్రోగ్రాం ఎన్‌ఎస్‌సిడి కూడా నడుస్తుంటే యూజర్లు, గ్రూపుల వరకు దాన్ని ఆపెయ్. ఇద్దరు గుమస్తాలు ఒకే ఖాతా రాస్తే లెక్క కుదరదు.

ఇంకొకటి. పేరు ఇవ్వకుండా ఉత్త ఐడి అని కొడితే ఆ సెషన్ మొదలైనప్పుడు అంటుకున్న గ్రూపులే కనిపిస్తాయి, క్యాష్ ఎన్నిసార్లు తుడిచినా మారవు. ఆ మనిషి లాగౌట్ అయి మళ్లీ లోపలికి రావాల్సిందే. నీకొచ్చిన కంప్లయింట్లలో సగం ఇవే అయ్యుంటాయని నా అనుమానం.

ఆ గంటన్నర గడువును 30 సెకన్లకు తగ్గించానని కూడా రాశావు. అది మాత్రం ఈ రోజే తీసెయ్. ఒక్క గ్రూపు ఆలస్యంగా కనిపించిందని అన్ని మెషీన్లనూ రోజంతా సర్వర్ తలుపు కొట్టమంటావా? కోప్పడుతున్నానని అనుకోకు. నీ వయసులో నేనూ ఆ అంకెలోనే మందు ఉందనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా చెప్పలేదు. అప్పట్లో నేను విశాఖలో ఉండేవాణ్ని. మా దగ్గర 60 మెషీన్లు, డైరెక్టరీ సర్వరేమో హైదరాబాద్‌లో. ఒక ఇంజినీరును కొత్త గ్రూపులో చేర్చారు, మా మెషీన్లలో మాత్రం పాతదే. పైనుంచి ఒకటే ఒత్తిడి. ఎస్ఎస్ఎస్ క్యాష్ కమాండుతో ఆ యూజర్ గడువు తీర్చేశాను. అయినా పాతదే వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ పాతదే. క్యాష్ పాడైందని తేల్చేసుకున్నాను. ఆ కమాండు ఎంట్రీని చెరపదు, గడువు తీరిందని గుర్తు మాత్రమే పెడుతుంది. సర్వర్ అందకపోతే ఎస్ఎస్ఎస్‌డి ఆ గడువు తీరినదాన్నే ఇస్తుంది, అంతమాత్రమైనా పని నడవాలని. హైదరాబాద్ లైను అరగంట ముందే పడిపోయింది. నేను చూసుకోలేదు.

సర్వీసు ఆపి, డేటాబేస్ ఫోల్డర్లో ఉన్నవన్నీ తుడిచి, మళ్లీ మొదలుపెట్టే చిన్న స్క్రిప్టు రాసి 60 మెషీన్ల మీదా వదిలాను. చివరికి నా సొంత మెషీన్ మీద కూడా. కొత్త టెర్మినల్ తెరిస్తే నా పేరు ఉండాల్సిన చోట "ఐ హ్యావ్ నో నేమ్" అని వచ్చింది. ఆ నాలుగు మాటలు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. సర్వాధికారాలున్న రూట్ పేరు మీద పని చేయించే సుడో కమాండ్ కొడితే నువ్వెవరని అడిగింది. నేను వచ్చిందీ డైరెక్టరీ అకౌంటుతోనే కదా. లైను లేకపోయినా లాగిన్ అవడానికి దాచిన పాస్‌వర్డ్ గుర్తులు కూడా ఆ ఫైళ్లలోనే ఉండేవి. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

డైరెక్టరీతో పనిలేకుండా లోపలికి రానిచ్చేది రూట్ అకౌంటు ఒక్కటే. దాని పాస్‌వర్డ్ ఒక కవరులో, ఆ కవరు ఒక సహోద్యోగి బీరువాలో, ఆయనేమో విజయనగరంలో పెళ్లిలో. రాత్రి షిఫ్టు వాళ్లు స్క్రీన్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఎవరూ నన్నొక మాట అనలేదు. ఒక ఆపరేటర్ అబ్బాయి టీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "తాగండి సార్, చల్లారిపోతుంది" అన్నాడు. దాంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. తెల్లారి లైను వచ్చేదాకా ఆ టీ అలాగే ఉంది.

అందుకే చెబుతున్నా, ఒక్క మెషీన్ తీసుకో. ముందు ఎస్ఎస్ఎస్‌డి పరిస్థితి చెప్పే ఎస్ఎస్ఎస్ కంట్రోల్ కమాండులో డొమైన్ స్టేటస్ అడుగు, సర్వర్ అందుతోందో లేదో చెబుతుంది, ఆన్‌లైన్ అని చెప్పేదాకా క్యాష్ మీద చెయ్యి వెయ్యకు. ఆన్‌లైన్ అయితే అదే కమాండులో యూజర్ షో కొట్టు, ఆ ఎంట్రీ ఎప్పుడు అప్‌డేట్ అయిందో, గడువెప్పుడో వరుసగా రాసి చూపిస్తుంది. తర్వాత ఆ ఒక్క యూజర్ గడువు మాత్రం తీర్చు. కొత్తది రాలేదా, ఫైళ్ల జోలికి పోకు. లాగ్‌లో ఎంత వివరంగా రాయాలో చెప్పే డీబగ్ లెవెల్ పెంచి, ఆ లాగ్ చదువు, సర్వర్ నిజంగా ఏం పంపిందో అందులో ఉంటుంది. చాలాసార్లు తప్పు డైరెక్టరీ వైపే ఉంటుంది, తిట్లు మాత్రం క్యాష్‌కి.

ఉద్యోగం మానేసిన వాళ్ల సంగతి కూడా నాకు భయమే. ఆఫ్‌లైన్ లాగిన్‌కి పాస్‌వర్డ్‌లు దాచుకోనిస్తున్నారా చూడు. దాచుకోనిస్తే, ఎవరూ మార్చకపోతే ఆ గడువు సున్నా అని ఉంటుంది. సున్నా అంటే వెంటనే అయిపోతుందని కాదు తల్లీ, ఎప్పటికీ అయిపోదని. అక్కడ రోజుల లెక్కన ఒక అంకె పెట్టు.

చిన్నప్పుడు మా ఇంటికొస్తే నా కీబోర్డు కీలు పీకి, మళ్లీ ఒక్కొక్కటీ సరైన చోట పెట్టేదానివి. నీ చేతి మీద నాకు నమ్మకముంది. శుక్రవారం దాకా ఆగకుండా రేపే ఆ రూట్ పాస్‌వర్డ్ కవరు ఎక్కడుందో కనుక్కో. విప్పి, కన్సోల్ దగ్గర కూర్చుని, దాంతో ఒకసారి లాగిన్ అయి చూడు. అయ్యాక నాకు మెసేజ్ పెట్టు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ పెదనాన్న