బెంచ్ మీద ఉండగా ఆపరేషన్: న్యూజెర్సీలో నా బిల్లు ఎవరు కట్టారంటే

ఇన్సూరెన్స్ లేకపోయినా న్యూజెర్సీ ఆసుపత్రుల్లో ఉచితంగా చూస్తారంటున్నారు, నిజమేనా, ఆ డబ్బు వాళ్లకు ఎవరిస్తారు అని అడిగారు కదా. నిజమే గానీ, 'ఉచితం' అన్న మాటలో కొంచెం మెలిక ఉంది.

2016 చలికాలం. నేను ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉన్నాను. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, నాకు ఉద్యోగం చూపించాల్సిన కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్, రెండు గదుల్లో ఏడుగురం. ప్రాజెక్టు లేదు (దాన్నే బెంచ్ మీద ఉండటం అంటారు), జీతం లేదు, ఇన్సూరెన్స్ అసలే లేదు. ఒక రాత్రి కడుపునొప్పి వస్తే, తిన్నది పడలేదేమోనని వాము నమిలి పడుకున్నాను. తెల్లారేసరికి లేచి నిలబడలేకపోయాను. రూమ్మేట్ ఎమర్జెన్సీకి తీసుకెళ్తే అపెండిక్స్ అన్నారు. డబ్బు సంగతి ఎత్తకుండానే ఆపరేషన్ చేసేశారు. ఎమర్జెన్సీలో వచ్చినవాళ్లను డబ్బు లేదని వెనక్కి పంపకూడదని 1986 నుంచి కేంద్ర చట్టమే ఉంది.

మూడు వారాలకు బిల్లు వచ్చింది, 38 వేల డాలర్లు. ఇంటికి ఫోన్ చేయలేదు. నాన్న ఎకరం అమ్మేస్తానంటారని భయం.

బిల్లు వెనక చిన్న అక్షరాల్లో 'చారిటీ కేర్' అని ఉంది, అంటే డబ్బులేనివాళ్లకు ఆసుపత్రి బిల్లు మాఫీ చేసే రాష్ట్ర పథకం. ఆసుపత్రికి వెళ్లి ఫైనాన్షియల్ కౌన్సెలర్‌ని కలిశాను. ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు 200 శాతం లోపు ఉంటే ఆసుపత్రి ఖర్చు మొత్తం మాఫీ, 300 శాతం వరకూ కొంత మాఫీ. బ్యాంకులో ఒక్కడికి 7,500 డాలర్లు, కుటుంబానికి 15,000 మించి ఉండకూడదు. నా దగ్గర 1,900 ఉన్నాయి, కాబట్టి ఆ టెన్షన్ లేదు! ముందు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) రాదని తేల్చాలి. అసలు చిక్కు న్యూజెర్సీలో ఉంటున్నట్టు చూపించాల్సిన అడ్రస్ దగ్గర వచ్చింది. లీజు కన్సల్టెన్సీ పేరు మీద ఉంది, వాళ్లేమో నేను అక్కడ ఉంటున్నట్టు ఉత్తరం ఇవ్వబోమన్నారు. చివరికి పాత బ్యాంకు స్టేట్‌మెంట్ మీద ఉన్న అడ్రస్‌తో గట్టెక్కాను.

కాగితాలు ఇవ్వడానికి సిగ్గుపడుతుంటే ఆ కౌన్సెలర్ నవ్వింది. "నువ్వు ఇవి ఇవ్వకపోతే మాకూ రాదు" అంది. అప్పుడు అర్థమైంది. రాష్ట్రం డబ్బు మన చేతికి రాదు, ఆసుపత్రికి వెళ్తుంది. కాగితాలతో రుజువైన ఉచిత వైద్యాన్ని మెడికెయిడ్ రేట్ల ప్రకారం లెక్కగట్టి, అలాంటి రోగులు ఎక్కువున్న చోటికి ఎక్కువ సబ్సిడీ ఇస్తారు. న్యూఆర్క్‌లోని యూనివర్సిటీ హాస్పిటల్ లాంటివి దీని మీద బాగా ఆధారపడతాయి. అందులో కొంత కేంద్రం డిష్ నిధుల (పేద రోగులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రులకిచ్చే సాయం) నుంచి వస్తుంది. 2014లో మెడికెయిడ్ విస్తరించాక, ఇన్సూరెన్స్ లేనివాళ్లు తగ్గారు కదా అని రాష్ట్రం ఈ పద్దు బాగా కోసింది. కానీ నాలాంటి వీసావాళ్లకు మామూలుగా మెడికెయిడ్ రాదు కాబట్టి, ఆసుపత్రులకు ఆ ఖర్చు తప్పదు.

ఇక మెలిక. మాఫీ అయ్యేది ఆసుపత్రి బిల్లే. సర్జన్, మత్తు డాక్టర్, రేడియాలజీ బిల్లులు విడిగా వస్తాయి. వాటికి ఫోన్లు చేసి బతిమాలుకున్నాను. కొంత తగ్గించారు, మిగతాది వాయిదాల్లో కట్టాను. మీ ఆదాయం 300 శాతం దాటినా ఆశ వదులుకోకండి. 500 శాతం లోపు ఉన్న ఇన్సూరెన్స్ లేనివాళ్ల దగ్గర ఆసుపత్రి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఇన్సూరెన్స్) రేటుకు 115 శాతం మించి వసూలు చేయకూడదని 2008లో రాష్ట్రం చట్టం చేసింది. అడగనివాళ్లకు ఎవరూ చెప్పరు.

చివరి వాయిదా కట్టేనాటికి ప్రాజెక్టు దొరికి టెక్సాస్‌లోని డాలస్ వచ్చేశాను. ఇక్కడ పార్క్‌లాండ్ ఆసుపత్రికి కౌంటీ ఆస్తిపన్ను నుంచి డబ్బు వస్తుంది, పద్ధతే వేరు. వేరే రాష్ట్రంలో ఉంటే నేను చెప్పిన అంకెలు పట్టుకుని వెళ్లకండి.