మట్టి పడవ గెంతుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను. గోదారి ఒండ్రుమట్టితో పడవనీ, సరంగునీ చేసి, కిటికీ దగ్గర పెట్టి ఫోన్‌తో స్టాప్‌మోషన్ (బొమ్మని కొద్దికొద్దిగా జరుపుతూ ఫొటోలు తీసి, కలిపి చేసే వీడియో) తీశాను. వీడియో మిణుకుమిణుకుమంటోంది, పడవ గెంతుతోంది. మూడో రోజుకి సరంగు చెయ్యి విరిగింది. తప్పెక్కడ?
– ఓ విద్యార్థిని, రాజోలు

జవాబు: కిటికీ వెలుతురు నమ్మదగింది కాదమ్మా. మబ్బు పట్టినా, పెరట్లో కొబ్బరాకు ఊగినా మారిపోతుంది. దానికి తగ్గట్టు ఫోన్ ప్రతి ఫొటోకీ ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగుగా రావాలన్నది) సర్దేస్తుంది. అదే ఆ మిణుకు. కిటికీ మూసి రెండు ఎల్‌ఈడీ బల్బులు పెట్టండి. కెమెరా సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100, షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) 1/25 సెకను, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ), ఫోకస్ మారకుండా బిగించండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా బల్బుల వెలుగు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టర్ 1/500 సెకను పెడితే ఆ హెచ్చుతగ్గుల్లో ఒక ముక్కే పడి ఒక ఫొటో వెలుగుగా, మరొకటి మసకగా వస్తుంది. మీరు తెల్లచొక్కా వేసుకోవడం కూడా వద్దు, దాని వెలుగు బొమ్మ మీద పడుతుంది.

ఇక పడవ గెంతడం సంగతి. సెకనుకి 12 ఫొటోలు చాలు. పది సెకన్లకు 120. పడవని మొదట 1 మిల్లీమీటరు, తర్వాత 2, 3, 5 చొప్పున జరపండి, ఆగేముందు 5, 3, 2, 1గా తగ్గించండి. ఫ్రేములో పడకుండా బల్ల అంచున గ్రాఫ్ కాగితం అంటిస్తే కొలత తప్పదు. తెరని వేలితో నొక్కితే ఫోన్ కదులుతుంది, టైమర్ వాడండి.

ఒండ్రుమట్టి ఆరితే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. పడవకి ఫర్వాలేదు, సరంగుకి పనికిరాదు. నూనె కలిసిన, ఆరిపోని బొమ్మల మట్టి ప్లాస్టిసిన్ తీసుకుని, లోపల 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగని రెండు పేటలుగా మెలిపెట్టండి. ఎండాకాలం ప్లాస్టిసిన్ మెత్తబడి వేలిముద్రలు పడతాయి. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది.