ఏటా యూరియా, డీఏపీ వేస్తున్నా వరి దిగుబడి పెరగట్లేదు. పెంట ఎరువుతో తేడా ఉంటుందా?

ఉంటుంది, కానీ ఒక్క పంటకే కనిపించదు. యూరియాలో నత్రజని 46 శాతం, చివికిన పెంటలో సుమారు అర శాతమే. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజనికి నాలుగు టన్నుల పెంట తోలాలి. అదీ మొదటి పంటకే మొత్తం అందదు. కాకపోతే పెంటతో పొటాష్, జింక్, సేంద్రియ కర్బనం కూడా వస్తాయి. మీరు వేసే రెండు బస్తాల్లో అవి లేవు.

మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం, యాసంగి రెండూ వరే. నీళ్లు నిలిచి, డీఏపీ భాస్వరం పేరుకున్న పొలంలో జింక్ మొక్కకు సరిగా అందదు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో పైనుంచి మూడో, నాలుగో ఆకు మీద తుప్పు మచ్చలు చూడండి. మనోళ్లు తెగులనుకొని మందు కొట్టేస్తారు! ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ దమ్ములో, అంటే నాటే ముందు బురద దున్నేటప్పుడు వేయండి, డీఏపీతో మాత్రం కలపొద్దు.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి గోధుమ మీద పెంటకూ రసాయన ఎరువుకూ ఇదే పోలిక పరీక్ష నడుస్తోంది. రసాయన ఎరువుల మడిలోనూ మంచి దిగుబడే వస్తోంది, కానీ నేలలో కర్బనం పెంట మడిలోనే రెట్టింపు దాటింది.

ఇంట్లో పశువులు లేకపోతే పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నండి. ఆ మేరకు యూరియా తగ్గించొచ్చు.