1833లో ఆ దొర ‘ఓకే’ అనలేడు

చిరంజీవికి,

నీ కథ చదివాను. 1832-33 నాటి గుంటూరు డొక్కల కరువులో తల్లి ఖాళీ గాదె అడుగు ఊడ్చి గింజలు ఏరే చోటు బాగుంది. పేజీ తిప్పగానే గుంటూరు కలెక్టరు తన దుబాసీతో (మాటలు తర్జుమా చేసేవాడితో) ‘ఓకే, రేపు చూద్దాం’ అన్నాడు. అక్కడితో నా కళ్లముందు నుంచి కరువూ పోయింది, గుంటూరూ పోయింది.

‘ఓకే’ అన్న మాట అచ్చులో మొదట కనిపించింది 1839 మార్చి 23న, అమెరికాలో, ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’లో. కావాలని స్పెల్లింగు చెడగొట్టి, ఆ తప్పు మాటల పొడి అక్షరాలు వాడటం అప్పటి పత్రికలవాళ్ల సరదా. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ (oll korrect) చేసి ఓ.కె. అన్నారు. అలాంటివి ఇంకా చాలా పుట్టి చచ్చాయి. ఇది బతకడానికి కారణం 1840 ఎన్నికలు. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అన్న ఆయన మారుపేరుకూ అవే అక్షరాలు కుదిరాయి. అనుచరులు ఓ.కె. క్లబ్బు పెట్టి ఊరేగారు. ఆయన ఓడినా మాట పాకింది. ఇదంతా 1963-64లో ఆలెన్ వాకర్ రీడ్ అనే అమెరికా భాషా పరిశోధకుడు పాత పత్రికలు తవ్వి తేల్చినదే. యుద్ధంలో ఎవరూ చావకపోతే ‘జీరో కిల్డ్’ (0 K) అని రాసేవాళ్లు, అదే ఓకే అయిందంటూ నువ్వు పెట్టిన అధోజ్ఞాపిక కొట్టెయ్యి.

పాతకాలం కథలో ఇంగ్లీషు మాట పెట్టేముందు ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు తియ్యి. ఒక్కో అర్థం కింద, దొరికిన తొలి వాడుక సంవత్సరం ఉంటుంది. నువ్వు వాడే అర్థానికి ఏ ఏడు ఇచ్చారో అదే లెక్క. మాట వయసొక్కటే చాలదు, ఎవరి నోట పుట్టిందో కూడా చూడాలి. నీ కథను 1845కి జరిపినా బోస్టన్ పత్రికల ఎకసెక్కం కంపెనీ దొర నోట పలకదు. అతను ‘వెరీ వెల్’ అంటాడు. మూడో పేజీలో రైతులు చేసిన ‘బాయ్‌కాట్’ కూడా తీసెయ్యి. అది 1880లో, ఐర్లండులో చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటును ఊరు వెలివేశాక పుట్టిన మాట.

నాకు అసలు బాధ దుబాసీ జవాబు: ‘ఓకే దొరగారూ’. తెలుగులో ఒప్పుకోలు ఒక్కటే రకమా? ‘చిత్తం’ అన్నవాడు తలవంచాడు. ‘అలాగే’ అన్నవాడు పని ఒప్పుకున్నాడు. ‘సరే’లో విసుగూ పలుకుతుంది. ‘మంచిది’ అని పెద్దవాళ్లు మాట ముగిస్తారు. ఎవరు ఎవరికి లోబడ్డారో చెప్పే ఈ మాటలన్నీ నువ్వు ఒక్క ఓకేతో చెరిపేశావు. ‘చిత్తం’ నేటి పాఠకుడికి ఎక్కదని దిద్దే సంపాదకులున్నారు. పల్నాటి యాస కనిపిస్తే ఎర్రసిరా తీసేదీ వాళ్లే. వాళ్ల కోసం రాయకు.

చివరి భాగంలో హైదరాబాదు మనవరాలు ఫోన్లో ‘ఓకేనా తాతా?’ అంటుంది. అది సరైన మాట, కదపకు. దుబాసీ జవాబులు నాలుగూ మార్చి, కథ మళ్లీ పంపు.

ఆశీస్సులతో.