ట్రైనింగ్ అంటే సంతకం పెట్టి రావడమేనా మేడమ్?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సైన్సు, లెక్కల టీచర్లవే. అటూ ఇటూగా అందరూ ఒకటే అడిగారు, అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాళ్ళకే ఇచ్చేస్తున్నా. పేర్లు వేయొద్దని చాలామంది రాశారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. నేను ప్రకాశం జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌ని, ఆరేళ్ళ సర్వీసు. ఇప్పటిదాకా ఎన్ని ట్రైనింగులకి వెళ్ళానో గుర్తు లేదు గానీ ఒక్కదాంట్లో కూడా చేత్తో ఒక ప్రయోగం చేయించలేదు. పీపీటీ పెట్టి చదువుతారు, మధ్యలో టీ, సాయంత్రం సంతకం. దీక్షా (టీచర్ల ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్) కోర్సులు కూడా వీడియో ఆన్ చేసి ఫోన్ పక్కన పడేసి సర్టిఫికెట్ దించుకుంటున్నాం, దాచేదేముంది. నిజంగా సబ్జెక్టు నేర్పే చోటు ఎక్కడైనా ఉందా?

జవాబు: ఉన్నదున్నట్టు రాశారు సార్, సంతోషం. నేను ముప్పై ఏళ్ళు ఫిజికల్ సైన్సే చెప్పాను, మీరు రాసిన హాలు, ఆ టీ, ఆ సంతకం అన్నీ నాకూ తెలుసు. ఒకసారి మూడ్రోజుల ట్రైనింగులో విద్యుత్ చాప్టర్ మీద రెండు రోజులు మాట్లాడారు, హాలు మొత్తం మీద ఒక్క సెల్లు లేదు, ఒక్క బల్బు లేదు. ఎక్కడన్నది వదిలేద్దాం.

తర్వాత చాలా ఏళ్ళకి ఒక రెసిడెన్షియల్ ట్రైనింగుకి వెళ్ళా. అక్కడ మొదటి రోజు పొద్దున్నే ఒక్కొక్కరి చేతిలో ఒక సెల్లు, రెండు పిన్నీసులు, ఒక చిన్న అయస్కాంతం, సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు బ్యాండు, మోటార్ వైండింగ్ షాపులో దొరికే రాగి తీగ ఒక మీటరు పెట్టి మోటారు చేయండి అన్నారు. తీగని సెల్లు చుట్టూ పది చుట్లు చుట్టి బయటికి తీశాం, రెండు కొసల మీదున్న కరెంటు ఆపే పూత పూర్తిగా గీకేశాం, పిన్నీసుల కన్నాల్లో దూర్చాం. తిరగలేదు, ఊగుతోంది అంతే. మా గ్రూపులో నలుగురం కలిపి అరవై ఏళ్ళ సర్వీసు ఉంటుంది, ఎందుకు తిరగట్లేదో ఒక్కరికీ తట్టలేదు. గంట తర్వాత ట్రైనింగ్ ఇచ్చే మాస్టారు వచ్చి ఒక కొసకి పూత ఒకవైపు మాత్రమే గీకి చూడండి అని చెప్పి వెళ్ళిపోయారు. గిర్రున తిరిగింది! పూర్తిగా గీకితే సగం చుట్టు తిరిగాక బలం ఎదురు దిశలో పడి వెనక్కి లాగేస్తుంది, సగమే గీకితే ఆ సగం చుట్టులో కరెంటు ఆగిపోయి ఉన్న ఊపుతోనే ముందుకి వెళ్ళిపోతుంది. పదో తరగతిలో, మోటారులో కరెంటు దిశ మార్చే కమ్యుటేటర్ బొమ్మ అప్పటికి ఎన్నిసార్లు బోర్డు మీద వేశానో, అదెందుకు కావాలో మాత్రం నాకు ఆరోజే అర్థమైంది. నా దృష్టిలో ట్రైనింగ్ అంటే అది. టీచరుకి తెలియనిది బయటపడాలి, బయటపడ్డా అవమానం అనిపించని చోట బయటపడాలి.

ఇక చోట్లు. మీకు అందరికంటే దగ్గర మన కుప్పం పక్కనున్న అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్. 1999లో మొదలైన సంస్థ, 172 ఎకరాల్లో ఉంటుంది. పల్లెటూరి స్కూళ్ళకి సైన్సు వ్యాన్లు పంపేది వీళ్ళే, పిల్లలతో పాటు టీచర్లకీ ట్రైనింగులు పెడతారు, అంతా తక్కువ ఖర్చు సామాన్లతోనే. తర్వాత అనంతపురం బోర్డరు దాటితే చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె, అక్కడ బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ళ టాలెంట్ డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, మ్యాథ్స్ నాలుగింటికీ ల్యాబుల్లో కూర్చోబెట్టి చేయిస్తారు. ఎక్కువగా కర్ణాటక టీచర్ల కోసమే నడుస్తుంది, అయినా మన వైపు నుంచి వీలుందా అని లెటర్ రాసి అడగడంలో తప్పేం లేదు. మైసూరు ఆర్‌ఐఈ (రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్) అయితే ఎన్‌సీఈఆర్‌టీది, దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ అదే. అక్కడికి పేర్లు ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) ద్వారా వెళ్తాయి కాబట్టి మీ జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ డైట్‌లో సైన్సు చూసే లెక్చరర్‌కి మీకు ఆసక్తి ఉందని ముందే చెప్పి పెట్టండి. లెటరు డీఈఓ ఆఫీసుకి వచ్చి మండలానికి చేరేసరికి లాస్ట్ డేట్ దాటిపోతుంటుంది, అప్పుడు ఎవరి పేరు గుర్తొస్తే వాళ్ళనే పంపేస్తారు. ఆ గుర్తొచ్చే పేరు మీదై ఉండాలి.

ముంబై మాన్‌ఖుర్డ్‌లో హోమీ భాభా సెంటర్ ఉంది, టీఐఎఫ్‌ఆర్‌లో భాగం, 1974 నుంచి సైన్సు, లెక్కలు ఎలా నేర్పాలి అన్నదాని మీదే పనిచేస్తోంది. ఒలింపియాడ్లు నడిపేది వీళ్ళే, టీచర్లకి ఎక్స్‌పోజర్ క్యాంపులు కూడా పెడతారు. ఫిజిక్స్ వాళ్ళు మాత్రం ఐఏపీటీ గురించి తెలుసుకుని తీరాలి, ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిక్స్ టీచర్స్. 1984లో పెట్టారు, టీచర్లు పెట్టుకున్న సంఘమే. ఫిజిక్స్ ప్రొఫెసర్ హెచ్‌సీ వర్మ గారి ఆధ్వర్యంలో అన్వేషిక అనే ప్రయోగ కేంద్రాలు నడుస్తాయి. మెంబర్ అయితే బులెటిన్ వస్తుంది, అంతకంటే ముఖ్యం ఏంటంటే ప్రయోగాల పిచ్చి ఉన్న మనుషులు పరిచయం అవుతారు.

దీక్షా సంగతి. 2020 జాతీయ విద్యా విధానంలో ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు ట్రైనింగుల్లోనో కోర్సుల్లోనో నేర్చుకోవాలి అని రాశారు. మంచి మాటే, కానీ గంటలు లెక్కపెట్టడం మొదలయ్యేసరికి మీరు చెప్పినట్టు ఫోన్ పక్కన పడేయడం కూడా మొదలైంది. కేంద్రం పెట్టిన టీచర్ల శిక్షణ కార్యక్రమం నిష్ఠ 2019లో మొదలైనప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు, కోవిడ్‌తో ఫోన్లోకి వెళ్ళిపోయింది. 2021లో హైస్కూల్ టీచర్లకి వచ్చిన రెండో విడతలో అందరికీ కామన్‌గా ఉండే మాడ్యూల్స్ కాకుండా సబ్జెక్టు వారీవి విడిగా ఉన్నాయి, మీది తెరిచి ఒక్కసారి పెన్ను పట్టుకుని చూడండి. అందులో మీకు తెలియని ఒక్క ముక్క దొరికినా దాన్ని మర్నాడే తొమ్మిదో తరగతిలో చెప్పి చూడండి. మిగతాది మీరు ఎలా పూర్తి చేస్తారో నేను అడగను.

ప్రశ్న: సైన్స్ వాళ్ళకి కిట్లు, ఫెయిర్లు, వ్యాన్లు అన్నీ ఉంటాయి మేడమ్, లెక్కల టీచర్లని పట్టించుకునేదెవరు? నాకు 14 ఏళ్ళ సర్వీసు, లెక్కలు బాగా వచ్చు, పిల్లలకి మాత్రం భిన్నాల దగ్గరే ఆగిపోతోంది. - నిజామాబాద్ జిల్లా నుంచి ఒక టీచర్

జవాబు: మీ బాధ నిజమే మేడమ్. లెక్కలు వచ్చిన టీచరుకి ట్రైనింగ్ ఎందుకు అనే ఆలోచన ఆఫీసుల్లో చాలా లోతుగా ఉంది. కానీ మనకి లెక్క రావడం వేరు, పిల్లాడు ఎక్కడ తప్పు దారి పడుతున్నాడో కనిపెట్టడం వేరు.

మీరు భిన్నాలన్నారు కాబట్టి ఒకటి చెప్తా, రేపే చేసి చూడండి. ఒకటిని ముప్పావుతో భాగిస్తే ఎంత? తిరగేసి గుణించు అని నేర్పాం కాబట్టి 4/3 అని రాసేస్తారు. ఎందుకు తిరగేయాలి అంటే క్లాసంతా నిశ్శబ్దం, స్టాఫ్ రూంలో అడిగినా నిశ్శబ్దమే, నేను అడిగి చూశా. ఇప్పుడు ఒక కాగితం పట్టీ ఇచ్చి నాలుగు సమాన ముక్కలు వచ్చేలా మడత పెట్టమనండి. ఇందులో ముప్పావులు ఎన్ని ఉన్నాయి? మూడు ముక్కలు కలిపితే ఒక ముప్పావు వచ్చింది, ఒక ముక్క మిగిలింది. చాలామంది పిల్లలు జవాబు ఒకటింపావు అంటారు, ఎందుకంటే మిగిలింది పావు ముక్క కదా. అక్కడ ఆగండి, తప్పు అనకండి. ఆ ముక్క మొత్తం పట్టీలో పావే, కానీ మనం కొలుస్తున్నది ముప్పావుతో, ముప్పావులో మూడు ముక్కలుంటే ఇది అందులో ఒకటి, అంటే మూడో వంతు. ఒకటీ, ఒక మూడో వంతూ, అదే 4/3. ఈ మాట పిల్లలు వాళ్ళలో వాళ్ళు వాదించుకుని పట్టుకోవాలి, పీరియడ్ మొత్తం పోయినా పర్లేదు, సిలబస్ గురించి ఆ ఒక్కరోజు కంగారు పడకండి.

ఇలాంటివి రాసుకునేవాళ్ళు, చర్చించుకునేవాళ్ళు ఉన్నారు మేడమ్. చెన్నైలో ఏఎంటీఐ అని లెక్కల టీచర్ల సంఘం 1965 నుంచి ఉంది, పత్రిక వేస్తారు, కాన్ఫరెన్సులు పెడతారు, పిల్లలకి టాలెంట్ టెస్ట్ పెడతారు. కాన్ఫరెన్సుకి ఒక్కసారి వెళ్ళి చూడండి, మనలాంటి టీచర్లు స్టేజి ఎక్కి మా ఆరో తరగతిలో ఇలా జరిగింది అని చెప్పుకుంటారు. అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ వాళ్ళు ఎట్ రైట్ యాంగిల్స్ అనే పత్రిక స్కూలు లెక్కల కోసమే వేస్తారు, నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ఇంగ్లిషులో ఉంటుంది గానీ బొమ్మలు, లెక్కలే ఎక్కువ కాబట్టి ఇబ్బంది పడరు. జ్యామితి బొమ్మల్ని కదిలించి చూపించే జియోజీబ్రా యాప్ ఫోన్లో వేసుకోండి, డబ్బులక్కర్లేదు. అర్ధవృత్తంలో కోణం ఎప్పుడూ 90 డిగ్రీలే అని చెప్పేకంటే ఆ బిందువుని పిల్లాడి వేలితోనే జరిపించి చూపిస్తే తేడా మీకే తెలుస్తుంది. మీ స్కూల్లో పెద్ద టచ్ స్క్రీన్ ప్యానెల్ ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: మేము ప్రైవేటు స్కూలు టీచర్లం మేడమ్, విజయవాడ. మాకు ఓడీ (ట్రైనింగుకి వెళ్ళినా డ్యూటీగా లెక్కేయడం) లేదు, ట్రైనింగుల్లేవు, ఒక రోజు రాకపోతే జీతం కట్. ఇవన్నీ గవర్నమెంటు వాళ్ళకేనా?

జవాబు: కాదమ్మా, కానీ మీకు కష్టం ఎక్కువన్నది ఒప్పుకోవాల్సిందే. ఉదయం ఎనిమిదింటి నుంచి స్టడీ అవర్ దాకా నిలబడ్డ మనిషికి రాత్రి కోర్సు చేయమని చెప్పడానికి నాకు మనసు రాదు. యాజమాన్యాలు ఏడాదికి రెండు రోజులు జీతంతో సెలవిచ్చి టీచర్లని ఎక్కడికైనా పంపితే వాళ్ళకే లాభం, ఈ మాట చదివే కరస్పాండెంట్లు ఎవరైనా ఉంటే దయచేసి ఆలోచించండి.

ఆదివారం ఒక గంట దొరికితే ఇవి చూడండి. ఫెట్ అని కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ సిమ్యులేషన్లు, నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు, ఫోన్లో బ్రౌజర్‌లోనే ఆడతాయి, సర్క్యూట్లు కట్టేది మొదట తెరవండి. అరవింద్ గుప్తా గారి సైటులో పారేసే సామాన్లతో చేసే బొమ్మలు వందల్లో ఉన్నాయి, నేను పైన చెప్పిన మోటారు కూడా. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయంలో కోర్సు చదవడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకి మాత్రం ఫీజు ఉంటుంది. మనుషులు కావాలంటే జన విజ్ఞాన వేదిక ఉంది, 1988 నుంచి పనిచేస్తోంది, చెకుముకి పత్రిక, చెకుముకి సంబరాలు వాళ్ళవే, గవర్నమెంటా ప్రైవేటా అని ఎవరూ అడగరు. బాలల సైన్స్ కాంగ్రెస్‌కి 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు ఎవరైనా ప్రాజెక్టు చేయొచ్చు, మీరు గైడ్ టీచర్‌గా ఉండండి. పిల్లల కొత్త ఐడియాలకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకి కూడా ప్రైవేటు స్కూలు పిల్లల ఐడియాలు పంపొచ్చు, సెలెక్ట్ అయితే పిల్లల ఖాతాలో 10 వేలు పడతాయి. ఒక పిల్లాడి ప్రాజెక్టుని మూడు నెలలు పట్టుకుని నడిపిస్తే మీరు నేర్చుకునేది ఏ కోర్సులోనూ రాదు, ఇది నా అనుభవంతో చెప్తున్నా.

ప్రశ్న: ఎండాకాలం సెలవుల్లో ట్రైనింగుకి వెళ్తే ఈఎల్స్ (ఎర్న్డ్ లీవులు) జమ అవుతాయా?

జవాబు: డిపార్ట్‌మెంట్ ప్రొసీడింగ్స్ ఇచ్చి పంపితే, ఎన్ని రోజులు సెలవులు వాడుకోలేకపోయారో ఆ లెక్కన అవుతాయి. మీ అంతట మీరు వెళ్తే కావు. అటెండెన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ ఆర్డరు తెచ్చుకుని జూన్‌లోనే సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ వేయించుకోండి, రెండేళ్ళ తర్వాత అడిగితే ఎవరూ పట్టించుకోరు.

ప్రశ్న: చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లందరికీ పెట్టే కాంప్లెక్స్ మీటింగులు ఎలాగూ కాగితాలతోనే అయిపోతున్నాయి. మా మండలంలో సైన్సు, లెక్కల వాళ్ళం ఆరుగురం సొంతంగా నెలకోసారి కూర్చుందాం అనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి మేడమ్? - నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మీకంటే ముందు ఈ పని చేసినవాళ్ళ సంగతి చెప్తా. మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో ప్రయోగాలతోనే సైన్సు చెప్పడం మొదలుపెట్టారు, తర్వాత ఏకలవ్య సంస్థ దాన్ని నడిపింది, పెరిగి పెరిగి దాదాపు వెయ్యి బడులకి వెళ్ళింది, 2002లో ప్రభుత్వం ఆపేసింది. అక్కడ ఎండాకాలం ట్రైనింగు ఒక్కటే అయితే నిలబడేది కాదు, నెల నెలా టీచర్లు కూర్చుని ఏ ప్రయోగం ఫెయిలైంది, పిల్లలు ఏం అడిగారు అని మాట్లాడుకునేవాళ్ళు, అదే దాన్ని నిలబెట్టింది. యూనివర్సిటీ ప్రొఫెసర్లు కూడా వచ్చి వాళ్ళ పక్కనే కింద కూర్చునేవాళ్ళు.

మీరు ఆరుగురు చాలు. ఒక్కొక్క నెల ఒక్కొక్కరి స్కూల్లో, రెండో శనివారం వీలవకపోతే ఇంకో రోజు, రెండు గంటలు మించొద్దు. ఒకే చాప్టర్, వచ్చే నెల అందరూ చెప్పబోయేది. ఒకరు ప్రయోగమో లెక్కో చేసి చూపించాలి, మిగతావాళ్ళు పిల్లల్లాగా కూర్చుని అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేయాలి. డీఏలు, బదిలీలు, ప్రమోషన్ల మాట టీ దగ్గరే, ముందు ఈ ఒక్క రూలు పెట్టుకోండి, లేకపోతే రెండు గంటలూ అందులోనే పోతాయి. హెచ్‌ఎంకి, ఎంఈఓ గారికి ముందే చెప్పండి, పర్మిషన్ కోసం కాదు, తర్వాత ఎవరో ఏదో అనుకోకుండా. సామాన్లకి నెలకి తలా వంద వేసుకుంటే చాలు. ఫొటోలు తీసి గ్రూపులో పెట్టడం మొదటి మూడు నెలలు వద్దు, ఫొటో కోసం ప్రయోగం చేయడం మొదలవుతుంది.

మొదటి మీటింగుకి ఆ మోటారే పెట్టుకోండి, తీగ కొసలు ఎలా గీకాలో మాత్రం మిగతా ఐదుగురికి ముందే చెప్పకండి. అయ్యాక ఏం జరిగిందో నాకు రాయండి, ఎవరిది తిరగలేదో అది కూడా.