సైన్యంలో జంతువుల దగ్గర పని చేస్తానంటోంది... దారి ఉందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. యుద్ధాల్లో గుర్రాలు, కుక్కలు, పావురాలు చేసిన పనుల గురించి ఎక్కడెక్కడివో చదివి, సైన్యంలో జంతువుల దగ్గరే ఉద్యోగం చేస్తానని పట్టుబట్టింది. వాళ్ల నాన్న మాత్రం 'ఎంబీబీఎస్ సీటు రాకపోతే నర్సింగులో చేరు, కుక్కల్ని కాయడానికా నిన్ను ఇంత చదివించింది?' అంటున్నారు. ఇలాంటి ఉద్యోగాలు నిజంగా ఉన్నాయా? ఆడపిల్లకు కుదురుతాయా?
- ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: ఉన్నాయమ్మా. ఆడపిల్లలకూ ఉన్నాయి. అయితే మీ అమ్మాయి ఊహించుకుంటున్న పనికీ, ఆమె వెళ్లగలిగిన దారికీ కొంచెం తేడా ఉంది. అది ఇప్పుడే తెలిస్తే మంచిది.

కుక్క మెడపట్టీ పట్టుకుని బాంబులు వెతికే వ్యక్తిని హ్యాండ్లర్ అంటారు. సైన్యంలో ఆ పని జవానుది. ఆడపిల్లలను జవాన్లుగా ప్రస్తుతం మిలిటరీ పోలీసు విభాగంలోకే తీసుకుంటున్నారు కాబట్టి ఆ తలుపు మీ అమ్మాయికి ఇప్పటికి మూసి ఉన్నట్టే. తెరిచి ఉన్నది అంతకంటే పెద్ద తలుపు. మన సైన్యంలో జంతువుల కోసమే రిమౌంట్ వెటర్నరీ కోర్ అనే విభాగం ఉంది. 1779లో మొదలైంది, కేంద్రం మీరట్‌లో. కుక్కలకు శిక్షణ, గుర్రాలు, కంచరగాడిదల పెంపకం, వాటన్నిటి వైద్యం దీని చేతిలోనే ఉంటాయి. ఇందులో అధికారిగా చేరాలంటే పశువైద్య డిగ్రీ ఉండాలి. మొదట మగవారినే తీసుకునేవారు, ఇటీవలి నోటిఫికేషన్లలో మహిళలకు కూడా పోస్టులు ఇస్తున్నారు. చేరేటప్పుడే కెప్టెన్ హోదా వస్తుంది.

జీతం సంగతి మీ వారికి చెప్పండి, కాస్త మెత్తబడతారేమో. కెప్టెన్ మూలవేతనం 61,300 రూపాయల దగ్గర మొదలవుతుంది. దాని మీద సైనిక సేవా భత్యం 15,500. సొంత ప్రాక్టీసు పెట్టుకోకూడదు కాబట్టి అందుకు బదులుగా మూలవేతనంలో 20 శాతం. కరువు భత్యం, మిగతావి వేరే. 'కుక్కల్ని కాయడం' అన్న మాట ఆ తర్వాత ఆయన నోట రాదనే నా నమ్మకం.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ అమ్మాయి చదివిన కథల్లో ధైర్యం ఎక్కువ, మందులపెట్టె తక్కువ అయి ఉంటుంది. 1918 అక్టోబరులో ఫ్రాన్సులో చిక్కుపడిపోయిన అమెరికన్ పటాలం సందేశాన్ని, గుండు దెబ్బ తిని కూడా చేరవేసిన షెర్ అమీ అనే పావురం గురించి చదివే ఉంటుంది. అదే ఏడాది సెప్టెంబరు 23న మైసూరు, జోధ్‌పూర్ గుర్రపు దళాలు బల్లేలతో హైఫా పట్టణాన్ని గెలిచిన సంగతీ తెలిసే ఉంటుంది. అంత దూరం ఎందుకు, మన ఉదయగిరి మీదికి కృష్ణదేవరాయలు 34 వేల కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసి పెట్టాడు. ఇవన్నీ బాగుంటాయి. కానీ ఆ 800 ఏనుగులకు రోజూ మేత ఎవరు తెచ్చారు, కాళ్లు పగిలితే ఎవరు చూశారు అని అడిగే అమ్మాయి అయితేనే ఈ వృత్తికి తగినది.

యుద్ధాల్లో జంతువులు ఎక్కువగా గుండు దెబ్బకు చావలేదు. దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 దాకా జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిషు సైన్యం 3 లక్షల 26 వేల గుర్రాలను పోగొట్టుకుంది. ఓడ దిగిన గుర్రానికి విశ్రాంతి ఇవ్వకుండా నేరుగా జీను వేసి తోలడం, మేత చాలకపోవడం, అంటురోగాలు, వీపు మీద జీను ఒరిపిడి పుండ్లు, ఇవే వాటిలో ఎక్కువ భాగాన్ని చంపాయి. చూసుకోవడానికి సరిపడా పశువైద్యులు లేరు. ఆ చేదు అనుభవంతోనే 1903లో ప్రత్యేకంగా సైనిక పశువైద్య విభాగం ఏర్పాటు చేశారు. దాని ఫలితం మొదటి ప్రపంచ యుద్ధంలో కనిపించింది. ఫ్రాన్సులోని పశువైద్యశాలల్లో సుమారు 7 లక్షల 25 వేల గుర్రాలకు చికిత్స చేస్తే, 5 లక్షల 29 వేల గుర్రాలు కోలుకున్నాయి. అక్కడి వైద్యులను ఎక్కువగా వేధించినది ఫిరంగి కాదు, బురదలోనూ చలిలోనూ వ్యాపించే గజ్జి. మీ పక్క గొర్రెల కాపరులకు ఈ మాట చెబితే ఆశ్చర్యపోరు.

మన కాలానికి వద్దాం. 2022 అక్టోబరులో అనంతనాగ్ జిల్లాలో ఉగ్రవాదులు దాక్కున్న ఇంట్లోకి జూమ్ అనే సైనిక కుక్కను పంపారు. దానికి రెండు గుళ్లు తగిలాయి, అయినా పని ఆపలేదు. శ్రీనగర్‌లోని సైనిక పశువైద్యశాలలో ఆపరేషన్ చేసి, విరిగిన వెనుక కాలికి కట్టు కట్టారు. కోలుకుంటోందని అనుకుంటుండగానే 13వ తేదీన చనిపోయింది. పత్రికలన్నీ జూమ్ గురించి రాశాయి. ఆ రాత్రులు దాని పక్కన నిలబడి సెలైను చుక్కలు, ఊపిరి లెక్కపెట్టినవారి గురించి ఎవరూ రాయలేదు. మీ అమ్మాయి చేరబోయేది ఆ రెండో వరుసలోకి. ఇది ఆమెకు సమ్మతమేనా అని మెల్లగా అడగండి.

ఇంకొకటి కూడా అడగాలి, ఇది కష్టమైన ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో జపాన్ సేనల వెనక్కి చొరబడిన బ్రిటిషు సైన్యపు చిండిట్ దళాలు సామాను మోయడానికి కంచరగాడిదలను తీసుకెళ్లాయి. అవి అరిస్తే శత్రువుకు జాడ తెలిసిపోతుంది. అందుకని ముందే మత్తు ఇచ్చి వాటి గొంతులోని స్వరతంత్రులు కోసేశారు. కోసింది సైనిక పశువైద్యులే. జంతువును బాగుచేయడం, బాగుచేసి మళ్లీ ప్రమాదంలోకే పంపడం, ఒక్కోసారి మనుషుల ప్రాణాల కోసం దాన్ని నొప్పించడం... ఈ మూడూ ఒకే చేతిమీదుగా జరుగుతాయి. మన దగ్గర కూడా పనికి రాకుండా పోయిన సైనిక కుక్కలను చంపేసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. కోర్టులో వ్యాజ్యం పడ్డాక అది మారింది, ఇప్పుడు విశ్రాంత కుక్కలను చూసుకునే చోటు మీరట్‌లోనే ఉంది. జంతువులంటే ప్రాణం పెట్టే పిల్లలు కొందరు ఈ సంగతి విని వెనక్కి తగ్గుతారు. తగ్గడం తప్పు కాదు. ఊళ్లో పాడి పశువుల వైద్యం కూడా మంచి వృత్తే, అక్కడ ఈ బరువు ఉండదు.

ఇదంతా విన్నాక కూడా 'అవును' అంటే, దారి ఇలా ఉంటుంది. ఇంటర్ తర్వాత బీవీఎస్సీ ఏహెచ్ అనే పశువైద్య డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర సంవత్సరాలు. మన రాష్ట్రంలో తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలలు ఉన్నాయి. దేశంలోని ప్రభుత్వ పశువైద్య కళాశాలల సీట్లలో 15 శాతాన్ని నీట్ ర్యాంకుతో అఖిల భారత కోటాలో భర్తీ చేస్తారు. రాష్ట్ర కోటాకు ఏ ర్యాంకు తీసుకుంటారో ఆ ఏడాది విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఎటూ నీట్ రాయించడమే క్షేమం. ఎంబీబీఎస్ కోసమని మీ వారు రాయించే పరీక్షే ఇది. దానితోనే పశువైద్యానికీ దరఖాస్తు పెట్టవచ్చు. కాబట్టి ఇంట్లో ఈ గొడవ ఈ ఏడాదికి అనవసరం. ఇంగ్లిష్ మార్కులను మాత్రం నిర్లక్ష్యం చేయనివ్వకండి. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లిష్‌ను కూడా కలిపి అర్హత మార్కులు లెక్కిస్తారు. జనరల్ వారికి ఆ మొత్తంలో 50 శాతం ఉండాలి.

డిగ్రీ చేతికి వచ్చేసరికి ఆమెకు 23 ఏళ్లు ఉంటాయి. సైన్యంలో షార్ట్ సర్వీస్ కమిషన్‌కు, అంటే కొన్నేళ్లకే పరిమితమైన అధికారి ఉద్యోగానికి, వయసు 21 నుంచి 32 వరకు. అంటే మధ్యలో శస్త్రచికిత్సలో పీజీ చేసి కూడా వెళ్లవచ్చు, నా మాట అడిగితే అలా వెళ్లడమే మేలు. ఎంపికకు, సైన్యాధికారులను ఎంచుకునే ఎస్ఎస్‌బీ అనే బోర్డు అయిదు రోజుల ఇంటర్వ్యూ, ఆ తర్వాత వైద్య పరీక్షలు. పోస్టులు ఎప్పుడూ కొద్దిగానే ఉంటాయి, ఈ మాట దాచను. ఉద్యోగం మొదట 5 ఏళ్లు, తర్వాత మరో 5 ఏళ్లు పొడిగిస్తారు. ముప్పై దాటాక బయటకు వస్తే ఏమిటి గతి అని మీ వారు అడుగుతారు. కెప్టెన్‌గా పనిచేసి వచ్చిన పశువైద్యురాలికి రాష్ట్ర పశుసంవర్ధక శాఖ పోస్టుల వయోపరిమితి అడ్డు రావచ్చు, అందులోని సడలింపులు అప్పటికి చూసుకోవాలి. పెద్ద పట్టణాల్లో పెంపుడు జంతువుల ఆసుపత్రులకు మాత్రం శస్త్రచికిత్స తెలిసినవారి కొరత ఎప్పుడూ ఉంటుంది.

సైన్యం కుదరకపోతే సరిహద్దు భద్రతా దళం, ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం) లాంటి కేంద్ర బలగాల్లో కూడా పశువైద్యాధికారుల పోస్టులు పడతాయి. సరిహద్దు దళానికి గ్వాలియర్ దగ్గరి టేకన్‌పూర్‌లో కుక్కల శిక్షణ కేంద్రం ఉంది. ఐటీబీపీ జంతు రవాణా విభాగంలో కానిస్టేబుళ్లుగా అమ్మాయిలను కూడా తీసుకున్న సందర్భం ఉంది. డిగ్రీకి తగిన ఉద్యోగం కాదు కాబట్టి మీ అమ్మాయికి చెప్పను. కానీ ఇది చదువుతున్న ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

'యంత్రాలు వచ్చేశాక జంతువులు ఎందుకు?' అని కూడా ఎవరో ఒకరు అంటారు. కొంత నిజమే. 2025 జనవరిలో పుణెలో జరిగిన సైనిక దినోత్సవ కవాతులో నాలుగు కాళ్ల మరయంత్రాలు నడిచాయి. కంచరగాడిదల సంఖ్య మున్ముందు తగ్గుతుంది, రోడ్లు, డ్రోన్లు వాటి పని తీసుకుంటున్నాయి. కుక్క ముక్కుకు మాత్రం సాటి అయిన యంత్రం ఇంకా రాలేదు. పేలుడు పదార్థాలు వెతకడానికీ, మంచు కింద కూరుకుపోయినవారిని పట్టడానికీ కుక్కనే పంపుతున్నారు. పీజీ చేస్తే కుక్కల శస్త్రచికిత్స వైపు మొగ్గమని నేను చెప్పడానికి ఇదీ కారణమే.

నీట్ అయ్యాక, ఫలితాలు వచ్చేలోపు ఉన్న సెలవుల్లో ఒక పని చేయించండి. కావలి పశువైద్యశాలలో డాక్టరుగారిని అడిగి, కొన్ని ఉదయాలు అక్కడ కూర్చోబెట్టండి. దూడ అడ్డం తిరిగి ఈత కష్టమైన గేదె వస్తే, డాక్టరు భుజం దాకా చేయి పెట్టి కాళ్లు సరిచేయడం ఆమె చూడాలి. కడుపు ఉబ్బిన గేదెకు ఎడమ పక్క సూది గుచ్చినప్పుడు బుస్సున వచ్చే గాలి వాసన తెలియాలి. నీలి నాలుక వచ్చిన నెల్లూరు గొర్రె మూతి వాచి, మేత ముట్టక ఓ మూల నిలబడితే, కాపరి మొహం ఎలా ఉంటుందో చూడాలి. యుద్ధభూమి పశువైద్యంలో పునాది పని కూడా ఇదే, ఒంటి మీది బట్టలే మారతాయి. రెండో రోజు కూడా తనంతట తానే బయలుదేరితే మీ వారితో మాట్లాడే బాధ్యత నాకు అప్పగించండి.

పంపే ముందు డాక్టరుగారిని అడిగి రేబిస్ టీకాలు ముందస్తుగా వేయించండి, కుక్క కరిచాక వేయించే టీకాలతో దీన్ని కలపకండి. కాళ్లకు రబ్బరు బూట్లు కొనివ్వండి, చెప్పులతో వద్దు.