బుడగల స్టాల్ నుంచి రేంజ్ దాకా: షూటింగ్‌పై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తుపాకీ మీద కొత్తగా మనసు పడ్డవాళ్లవి, వాళ్ల గురించి కంగారు పడుతున్న ఇంటివాళ్లవి. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

మా అబ్బాయికి పదకొండేళ్లు. నుమాయిష్‌కి తీసుకెళ్తే బుడగలు పేల్చే స్టాల్ దగ్గర్నుంచి కదల్లేదు. పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్‌ని చూసినప్పటి నుంచి గన్ కొనమని ఒకటే గొడవ. ఇది నాలుగు రోజుల మోజా, నిజంగానే ఇష్టమా? ఎలా తెలుస్తుంది?
– ఒక తల్లి, ఎల్‌బీ నగర్, హైదరాబాద్

మోజే అయినా కంగారు పడనక్కర్లేదు. మన దగ్గర ఈ ఇష్టం పుట్టే దారులు నాలుగైదే: జాతరలో బుడగలు, ఎన్‌సీసీ క్యాంపు, పోలీసో మిలిటరీయో ఉద్యోగం ఉన్న ఇల్లు, ఫోన్‌లో ఆట, టీవీలో ఒలింపిక్స్. ఏ దారిన వచ్చారన్నది తర్వాత ఎవరూ అడగరు. మనూ భాకర్ బాక్సింగ్, టెన్నిస్, తాంగ్‌తా (మణిపూర్ యుద్ధకళ) అన్నీ చూశాకే 14 ఏళ్లకు పిస్టల్ పట్టింది. మన ఈషా సింగ్ ర్యాలీ డ్రైవర్ కూతురు. గో కార్టింగ్, బ్యాడ్మింటన్, టెన్నిస్, స్కేటింగ్ దాటుకుని ఇటు వచ్చి, 2018లో 13 ఏళ్లకే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ చాంపియన్ అయింది. 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్‌కు తండ్రి కొనిచ్చిన ఎయిర్ పిస్టల్, బేగంపేటలో ఇంటి పెరడు తొలి మెట్లు. అదే ఒలింపిక్స్‌లో రజతం తెచ్చిన విజయ్ కుమార్ సైన్యంలో పనిచేసినవాడు.

కాకపోతే బుడగల స్టాల్‌కీ, షూటింగ్ నేర్పే రేంజ్‌కీ పోలిక తక్కువ. స్టాల్‌లో బుడగ అరచేతి కంటే పెద్దది, దూరం నాలుగు అడుగులు వేస్తే అందేంత. సైట్ (గన్ మీద గురి చూసే భాగం) వంకరగా ఉన్నా ఏదో ఒకటి పేలుతుంది, ఆ చప్పుడే బహుమతి. రేంజ్‌లో ఏదీ పేలదు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ. రైఫిల్‌కైతే అది అర మిల్లీమీటరు చుక్క, మొత్తం టార్గెట్టే 45.5 మి.మీ. పోటీలో 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. చప్పుడు కోసం వచ్చిన పిల్లవాడికి ఇది రెండు వారాల్లో విసుగు పుట్టిస్తుంది. అందులో తప్పేమీ లేదు, వాడి ఆట వేరే ఏదో అయ్యుంటుంది.

ఇంట్లోనే చిన్న పరీక్ష పెట్టండి. అర లీటరు నీళ్ల సీసా ఇచ్చి, చెయ్యి భుజం ఎత్తుకు చాచి, పదిహేను సెకన్లు కదలకుండా పట్టుకోమనండి. దించి ఒక నిమిషం ఆగి, మళ్లీ. అలా పదిసార్లు. నొప్పి అంటే వెంటనే ఆపేయాలి. ఇది బలం చూడటానికి కాదు. ఏమీ జరగని పనిని మర్నాడు తనంతట తానే మళ్లీ చేస్తాడా లేదా అని చూడటానికి. అసలు పిస్టల్ బరువు కిలోకి అటూఇటూ ఉంటుంది (నియమం ప్రకారం కిలోన్నర దాటకూడదు), రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. అందుకే మంచి కోచ్ ఈ వయసు పిల్లలతో మొదట్లో గన్‌ని స్టాండ్ మీద ఆనించి కొట్టిస్తాడు. మొదటి రోజే చేతికి గన్ ఇచ్చి వంద పెల్లెట్లు (ఎయిర్‌గన్ గుళ్లు) కాల్పించే చోటు నుంచి మాత్రం పిల్లవాణ్ని వెనక్కి తీసుకొచ్చేయండి. మొదటి రోజు నేర్పాల్సినవి వేరు: గన్ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు, కాల్చనప్పుడు బ్యారెల్‌లో రంగు తీగ (సేఫ్టీ ఫ్లాగ్) ఉండాలి.

నెల గడిచాక వాడి మాటలు వినండి. ‘ఇవాళ ఎన్ని పదులు కొట్టానో తెలుసా’ అంటుంటే ఇంకా మోజులోనే ఉన్నాడు. ‘అన్నీ ఎడమకే ఎందుకు పోతున్నాయి’ అని అడిగాడంటే ఫీజు కట్టొచ్చు.

మూడు నెలల దాకా గన్ గానీ, రైఫిల్ జాకెట్, ట్రౌజర్ గానీ కొనకండి. ఎదిగే పిల్లలకు ఆ దళసరి కాన్వాస్ బట్టలు ఏడాది తిరగకుండానే బిగుసుకుపోతాయి. క్లబ్బుల్లో అద్దెకు దొరుకుతాయి. ఇంకొకటి, పెల్లెట్లు సీసంతో చేసినవి. రేంజ్‌లో ఏమీ తిననివ్వొద్దు, పెల్లెట్లు నోట్లో పెట్టుకోనివ్వొద్దు, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి.

ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్చాను. ఒకటి పైన, ఒకటి కింద, మిగతావి ఎక్కడికి పోయాయో కూడా తెలియదు. ఇప్పుడు ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నా. అన్నీ ఎడమ వైపు కిందికే పడుతున్నాయి. చెయ్యి వణకడమే కారణమా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

వణుకు అందరికీ ఉంటుంది, ఒలింపిక్ విజేతలకూ ఉంటుంది. దాన్ని ఆపాలని చూడటమే అసలు గొడవకు మూలం.

ఒక లెక్క చూడండి. పిస్టల్ ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. వెనక సైట్ గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 10 మీటర్ల దగ్గర తేడా మూడు సెంటీమీటర్లు దాటుతుంది. పది పడాల్సినది ఏడు పడుతుంది. అదే రెండు సైట్లూ సరిగ్గా కలిసి ఉండి, చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకి ఊగితే టార్గెట్ మీద తేడా కూడా ఒక్క మిల్లీమీటరే, అంటే పదే. కాబట్టి చూపు ముందు సైట్ అంచు మీద ఉండాలి, టార్గెట్ మసగ్గా కనపడాలి. టార్గెట్ స్పష్టంగా కనిపిస్తోందంటే మీ చూపు తప్పు చోట ఉన్నట్టే. కొత్తవాళ్లు అందరూ చేసేది ఇదే.

కుడిచేతివాళ్లకు షాట్లు ఎడమ కిందికి పోతున్నాయంటే తొంభై పాళ్లు ట్రిగ్గర్ లాగుడే కారణం. నల్ల గుండ్రం కింద సైట్ కుదిరిన క్షణాన ‘ఇప్పుడే’ అని లాగేస్తారు. చూపుడు వేలితో పాటు మిగతా మూడు వేళ్లూ బిగుస్తాయి, మూతి కిందికి వంగుతుంది. పైకి పోతే అరచేతి మడమతో నెడుతున్నారని అర్థం. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలని నియమం. ట్రిగ్గర్ తేలిగ్గా కదిలే మొదటి దశ దాకా నొక్కి ఆగండి, సైట్ చూస్తూనే నెమ్మదిగా ఒత్తిడి పెంచండి. షాట్ ఎప్పుడు వెళ్లిందో మీకే కొంచెం ఆశ్చర్యం కలగాలి. ఏడెనిమిది సెకన్లలో వెళ్లకపోతే చెయ్యి దించేయండి. దించడం చేతకానివాళ్ల స్కోరు పెరగదు.

దీనికి విరుగుడు ఇంకా ఎక్కువ పెల్లెట్లు కాల్చడం కాదు, డ్రై ప్రాక్టీస్. తెల్లగోడకు ఎదురుగా, టార్గెట్ ఏమీ లేకుండా, పెల్లెట్ లేకుండా రోజూ పదిహేను నిమిషాలు. ట్రిగ్గర్ విడిచినప్పుడు ముందు సైట్ గాడిలో నిశ్చలంగా ఉందా, ఎగిరిందా? అదొక్కటే చూడాలి. విడిచాక కూడా రెండు సెకన్లు అలాగే నిలబడండి. పెల్లెట్ పేపర్ చేరడానికి సెకనులో పదహారో వంతు పడుతుంది, మీరు ముందే చెయ్యి సడలించే అలవాటు చేసుకుంటే ఆ సడలింపు మెల్లగా షాట్ లోపలికే జొరబడుతుంది.

ఒక హెచ్చరిక: డ్రై ప్రాక్టీస్‌కు విడిగా ఏర్పాటు ఉన్న పోటీ పిస్టళ్లలోనే ఇది చేయాలి. బ్యారెల్ విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ గన్‌ను పెల్లెట్ లేకుండా పేలిస్తే పిస్టన్‌కు ఎదురు గాలి ఉండదు, వేగంగా వెళ్లి గన్ లోపలి గోడకు కొట్టుకుంటుంది. సీల్ పోతుంది, స్ప్రింగ్ దెబ్బతింటుంది.

ఎన్‌సీసీ సంగతి: ఐదు రౌండ్లు తొలిసారి చప్పుడుకు కళ్లు మూసుకోవడంలోనే అయిపోతాయి. దాన్ని బట్టి మిమ్మల్ని మీరు అంచనా వేసుకోవద్దు.

కుడిచేత్తో రాస్తాను, కానీ ఎడమ కన్ను మూస్తే గురి కుదరడం లేదు.
– కె.వి., కర్నూలు

మీది ఎడమ కన్ను ప్రధానం కావచ్చు. రెండు చేతులూ చాచి, వేళ్ల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారాన్ని రెండు కళ్లతో చూడండి. ఒక్కో కన్ను మూసి చూస్తే ఏ కన్నుతో గడియారం సందులోనే ఉంటుందో అదే మీ ప్రధాన కన్ను. ఎడమది అయితే రైఫిల్‌ను ఎడమ భుజానికి మార్చడం మేలు, అదీ మొదటి నెలలోనే. పిస్టల్‌కు తల కొంచెం తిప్పినా సరిపోతుంది. రెండో కన్ను గట్టిగా మూయకండి. ముఖం కండరాలు బిగిసి పది నిమిషాల్లో చూపు అలుస్తుంది. దాని ముందు తెల్లటి అడ్డు పెట్టుకోండి. పోటీల్లో 30 మి.మీ. వెడల్పు దాకా అనుమతి ఉంది.

పబ్జీలో నా గురి తిరుగులేదు. అసలు షూటింగ్‌లో అది పనికొస్తుందా?
– ఇంటర్ విద్యార్థి, భీమవరం

గేమ్‌లో గెలిపించేది తొందర, ఇక్కడ ఓడించేది అదే. ఆసక్తి తెచ్చినందుకు దానికి దండం పెట్టి రేంజ్‌కు రండి.

ఎయిర్‌గన్‌కు లైసెన్స్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా? ఏది కొనమంటారు?
– ఆర్.ఎస్., అనంతపురం

కాలిబర్ (బ్యారెల్ లోపలి వ్యాసం) 0.177 అంగుళాలు (4.5 మి.మీ.), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. గుర్తింపు పత్రాలు ఇచ్చి దుకాణంలో బిల్లుతో కొనండి. పోటీ గన్‌ల శక్తి ఏడెనిమిది జౌళ్లే, అవి ఈ గీతకు చాలా కింద. 0.22 ఎయిర్‌గన్ ఈ మినహాయింపులోకి రాదు, అమ్మేవాడు ఏం చెప్పినా నమ్మకండి. లైసెన్స్ లేదు కదా అని పొలంలో చిలకల మీదో కొంగల మీదో గురి పెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పడుతుంది.

కొనడం విషయానికొస్తే, సరదాకు స్ప్రింగ్ గన్ చాలు. ఒక జాగ్రత్త: పెల్లెట్ పెట్టేటప్పుడు విరిచిన బ్యారెల్‌ను ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి. చెయ్యి వదిలి ఉండగా ట్రిగ్గర్ జారితే బ్యారెల్ ఠపీమని మూసుకుని వేళ్లు నుజ్జవుతాయి. పోటీకి వెళ్లాలనుకుంటే గాలి సిలిండర్ ఉండేదే కావాలి. స్టెయర్, మోరిని, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటివి కొత్తవైతే లక్షల్లో మాట. సెకండ్ హ్యాండ్ చూస్తే ముందు సిలిండర్ మీద తయారీ తేదీ చదవండి. పదేళ్లు దాటినది పోటీలో పరికరాల తనిఖీ దగ్గరే ఆగిపోతుంది. సాధారణంగా 200 బార్ ఒత్తిడి దాకా గాలి నింపుతారు. నింపిన సిలిండర్‌ను మే నెల ఎండలో కారులో వదలొద్దు, అనంతపురంలో అయితే మరీనూ. చేతిపంపుతో నింపేవాళ్లు తేమ పీల్చే ఫిల్టర్ పెట్టుకోకపోతే లోపల నీరు చేరి రెగ్యులేటర్ (గాలి ఒత్తిడిని సమంగా ఉంచే భాగం) పాడవుతుంది, షాట్ షాట్‌కీ వేగం మారుతుంది. తప్పు మీదో గన్‌దో తెలియక నెలలు పోతాయి.

మా తాతగారు పోయి ఏడాది అయింది. ఆయన డబుల్ బ్యారెల్ తుపాకీ అటక మీదే ఉంది. చిన్నప్పటి నుంచి నాకు దానిమీదే ఇష్టం. ఉంచుకోవచ్చా?
– మనవడు, జగిత్యాల

ఇష్టం సరే, ఈ వారమే పని మొదలుపెట్టండి. లైసెన్స్ ఆయన పేరు మీదిది, ఆయనతోనే పోయింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం. ఆయుధ చట్టం ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. ముందు స్టేషన్‌కు తుపాకీ లేకుండా వెళ్లి చెప్పండి, వాళ్లు చెప్పినట్టు తీసుకెళ్లండి. పాత తూటాలు, లైసెన్స్ పుస్తకం కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. లోపల తూటా ఉందేమో చూద్దామని మీరే ట్రిగ్గర్ నొక్కకండి. తర్వాత వారసుడిగా మీ పేర లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు: కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్‌కు, లేనిచోట కలెక్టర్‌కు. మీకు 21 ఏళ్లు నిండాలి, మిగతా వారసుల అంగీకారం కావాలి. వచ్చాక పెళ్లిలో గాల్లోకి కాల్చాలన్న సరదా ఉంటే మానుకోండి. 2019 సవరణ దానికి రెండేళ్ల దాకా జైలు పెట్టింది.

మావారు హెచ్1బీ మీద ఉన్నారు. ఆఫీసు స్నేహితులు శనివారం షూటింగ్ రేంజ్‌కి రమ్మంటున్నారు. అక్కడే గన్ అద్దెకిస్తారట. వెళ్లొచ్చా? మా పాపకూ ఆసక్తి ఉంది.
– ఫ్రిస్కో, టెక్సాస్

చూడటానికి వెళ్లొచ్చు, పట్టుకోకూడదు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ కలిగి ఉండటం అమెరికా ఫెడరల్ చట్టంలో నేరం, శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. అద్దె గన్ అయినా, పది నిమిషాలే అయినా చేతిలో ఉంటే ఉన్నట్టే. రేంజ్ వాళ్లు అడగలేదు కాబట్టి పర్వాలేదు అనుకుని మనవాళ్లు ఎందరో ఫొటోలు దిగి పోస్ట్ చేస్తుంటారు, అది తెలివైన పని కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు.

పాప విషయంలో దారి సులువు: ఎయిర్ రైఫిల్ ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ కాదు. 4-హెచ్ అనే పిల్లల క్లబ్బుల్లో, సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ కింద నడిచే జూనియర్ జట్లలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పుతారు. అక్కడి కాలేజీల్లో రైఫిల్ ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం) ఆట కూడా, అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి పోటీ పడతారు.

మీవారికి తప్పదనిపిస్తే మినహాయింపు ఒకటుంది: రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా అవసరం. ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకమాట అడిగాకే తీసుకోండి, రేంజ్‌కు వెళ్లేటప్పుడు జేబులో ఉంచుకోండి. ఏ నెలలో కొన్నా అది ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరులో వెళ్లే పనైతే ముందు తేదీ చూసుకోవాలి.